హిమాలయ ట్రెక్‌కు చలి జాకెట్: ఎంచుకోవడం నుంచి ఉతికి దాచడం దాకా

నవంబర్ వచ్చిందంటే ఒకటే ప్రశ్న. "కేదార్‌కంఠ వెళ్తున్నాం, ఈ జాకెట్ సరిపోతుందా?" అంటూ ఓ షాపింగ్ లింకు. తెరిచి చూస్తే "మైనస్ 20 డిగ్రీల వరకూ" అని పెద్దక్షరాలు కనిపిస్తాయి. లోపల ఏం నింపారో, ఎన్ని గ్రాములు నింపారో మాత్రం ఎక్కడా ఉండదు.

లింకు చూసి సరిపోతుందనో లేదనో చెప్పడం కష్టం. ఏ సంగతి ముందు చూడాలో, ఏది తర్వాతో తెలిస్తే ఎవరికి వారే తేల్చుకోవచ్చు. అందుకే ఇలా వరసగా రాస్తున్నాను.

మొదట ఒక విషయం గుర్తుపెట్టుకోండి. చలి జాకెట్‌ను ఆగి ఉండే గంటల కోసం కొంటాం. ఎక్కుతున్నంతసేపూ ఒళ్ళే బోలెడంత వేడి పుట్టిస్తుంది, మైనస్‌లో కూడా చెమట పడుతుంది. క్యాంపుకు చేరి బ్యాగు దించిన పది నిమిషాలకు అసలు చలి మొదలవుతుంది. కింద చెప్పే లెక్కలన్నీ ఆ పది నిమిషాల తర్వాతి సమయం కోసమే.

## 1. కొనబోయే ముందు నాలుగు జవాబులు రాసుకోండి

ఫోన్‌లో నోట్స్ తెరిచి ఇవి రాయండి:

- ఎక్కడికి, ఏ నెలలో వెళ్తున్నారు?
- మీరు చేరే అన్నిటికన్నా ఎత్తైన చోట తెల్లవారుజామున చలి ఎంత ఉంటుంది?
- రోజులో ఎన్ని గంటలు కదలకుండా ఉంటారు?
- అక్కడ తడి ఉంటుందా, పొడి చలేనా?

రెండో ప్రశ్న దగ్గర చాలామంది పొరబడతారు. వెదర్ యాప్‌లో కింద ఊరి ఉష్ణోగ్రత చూసి ఊరుకుంటారు. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరానికి బయల్దేరే సాంక్రి గ్రామం దాదాపు 1,950 మీటర్ల ఎత్తులో ఉంది, శిఖరం సుమారు 3,810 మీటర్లు. తేడా 1,860 మీటర్లు, అంటే 12 డిగ్రీలు. సాంక్రిలో తెల్లవారుజామున సున్నా చూపిస్తోందంటే పైన మైనస్ 12 ఉంటుందనుకుని సిద్ధం కావాలి.

దాని మీద గాలి. మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తుంటే ముఖానికి, చేతులకు తగిలే చలి మైనస్ 21తో సమానం. జాకెట్‌కూ గాలి దెబ్బ తగులుతుంది: పలచటి గుడ్డలోంచి, కుట్ల రంధ్రాల్లోంచి దూరి లోపల నిలిచిన వెచ్చటి గాలిని బయటికి తోసేస్తుంది. అందుకే ఎంత ఖరీదైన జాకెట్ కొన్నా పైన ఒక గాలి ఆపే షెల్, అంటే అన్నిటి మీదా వేసుకునే పలచటి పై పొర, ఉండాల్సిందే.

మూడో ప్రశ్నకు నిజాయితీగా జవాబు రాసుకోండి. చలికాలపు ట్రెక్‌లో మధ్యాహ్నం రెండు, మూడింటికల్లా క్యాంపు చేరతారు. ఎండ కొండ వెనక్కి పోయాక రాత్రి భోజనం అయ్యేదాకా నాలుగైదు గంటలు బయటే ఉంటారు. ఫొటోల పిచ్చి ఉన్నవాళ్ళు సూర్యోదయం కోసం ఇంకో గంట కలుపుకోవాలి.

నాలుగోది తడి. లద్దాఖ్‌లో గాలి పొడిగా ఉంటుంది. ఉత్తరాఖండ్‌లో జులై, ఆగస్టుల్లో వర్షమే. మంచులోనూ తేడా ఉంది. సున్నాకు అటూ ఇటూ పడే మంచు గుడ్డ మీదే కరిగి తడుపుతుంది. మైనస్ 10 దాటాక పడే పొడి మంచును దులిపేస్తే పోతుంది. మనకు చాలాసార్లు తగిలేది మొదటి రకమే.

ఇక్కడే ఒక మాట. అరకు, లంబసింగి చలి చూడటానికి వెళ్ళేవాళ్ళకు ఈ జాకెట్లేవీ అక్కర్లేదు. మందపాటి ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా ఉండే పాలియెస్టర్ చొక్కా), దాని మీద విండ్‌చీటర్ చాలు. మిగిలిన డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోండి.

## 2. మూడు రకాల్లో మీకు కావలసింది ఏది?

షాపులో అన్నీ ఉబ్బుగా ఒకేలా కనిపిస్తాయి. పని మాత్రం వేరు.

కదులుతూ వేసుకునేది. పలచగా ఉంటుంది, చెమట ఆవిరిని బయటికి పోనిస్తుంది. పోలార్‌టెక్ ఆల్ఫా లాంటి సరుకు ఇందుకే తయారైంది. పరుగు, స్కీ టూరింగ్ (స్కీలతో కొండ ఎక్కి దిగడం), చలిలో ఆగకుండా ఎక్కడం, ఇలాంటివాటికి. ఆగి నిలబడితే ఇదొక్కటే చాలదు.

క్యాంపు జాకెట్. ఆగగానే అన్నిటి మీదా వేసుకునేది. బరువు 350 నుంచి 500 గ్రాముల మధ్య ఉంటుంది, మడిస్తే చిన్న పొట్లం అవుతుంది. ట్రెక్‌లకు వెళ్ళే వందలో తొంభై మందికి కావలసింది ఇదే.

బరువు జాకెట్. ఎక్స్‌పెడిషన్లకు, లద్దాఖ్‌లో గడ్డకట్టిన నది మీద నడిచే చాదర్ ట్రెక్‌కు, తాడు పట్టుకుని గంటలకొద్దీ కదలకుండా నిలబడాల్సిన ఐస్ క్లైంబింగ్‌కు. మౌంటెనీరింగ్ కోర్సులు చేసినవాళ్ళ నోట ఫెదర్ జాకెట్ అనే మాట వినిపిస్తే తరచూ ఈ రకమే.

ఒక్క జాకెట్‌తో మూడు పనులూ చేద్దామనుకుంటే నడిచేటప్పుడు ఉడికిపోతారు, ఆగినప్పుడు వణుకుతారు. ఒకటే కొనగలిగితే క్యాంపు జాకెట్ కొనండి. నడకకు ఇంట్లో ఉన్న ఫ్లీస్ సరిపోతుంది.

## 3. డౌనా, సింథటికా?

డౌన్ అంటే బాతుల, పెద్దబాతుల పొట్ట కింద ఉండే మెత్తటి నూగు. అంతే బరువున్న సింథటిక్ కంటే ఎక్కువ వెచ్చన, చిన్న పొట్లంగా నొక్కుకుపోతుంది, జాగ్రత్తగా వాడితే పదేళ్ళకు పైగా నిలుస్తుంది. తడిస్తే మాత్రం ముద్దయిపోతుంది. అప్పుడు అది పలచటి నైలాన్ చొక్కాతో సమానం. కొండ మీద ఆరబెట్టడం దాదాపు అసాధ్యం.

సింథటిక్ అంటే సన్నటి పాలియెస్టర్ పోగులు. ప్రైమాలాఫ్ట్ లాంటి పేర్లు మీరు వినే ఉంటారు. కాస్త బరువు, కాస్త లావు. తడిసినా కొంత వెచ్చదనం మిగులుతుంది, త్వరగా ఆరుతుంది, ఇంట్లో వాషింగ్ మెషీన్‌లో వేసినా ఇబ్బంది లేదు. మాటిమాటికీ నొక్కి కుక్కితే నాలుగైదు సీజన్లకే పోగులు చదునై వెచ్చదనం తగ్గుతుంది.

ఇలా తేల్చుకోండి:

- పొడి చలి, మైనస్ 5 కంటే కిందికి వెళ్ళే రాత్రులు, బ్యాగు బరువు మీరే మోయాలి: డౌన్
- వర్షం, తడి మంచు, చెమట ఎక్కువ పట్టే ఒళ్ళు: సింథటిక్
- మొదటి ట్రెక్, మళ్ళీ వెళ్తారో లేదో తెలియదు: సింథటిక్ కొనండి, లేదా డౌన్ అద్దెకు తీసుకోండి
- స్కీ నేర్చుకోబోతున్నారు: సింథటిక్. మొదటి వారమంతా మంచులో దొర్లడమే

హైడ్రోఫోబిక్ డౌన్ అని ఇంకోటి అమ్ముతారు. నూగుకు నీళ్ళు అంటకుండా పూత పూస్తారు. గాలిలో తేమకు, టెంట్ గోడ మీద పట్టే చెమ్మకు పనికొస్తుంది. వానలో నిలబడటానికి పనికిరాదు. దాన్ని చూసి రెయిన్ జాకెట్ ఇంట్లో వదిలేసి రాకండి.

పక్షుల సంగతి పట్టింపు ఉన్నవాళ్ళు ఆర్‌డీఎస్ (రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్) ముద్ర చూడండి. బతికున్న పక్షి నుంచి నూగు పీకలేదని, బలవంతంగా మేపలేదని తనిఖీ చేసి ఇచ్చే ధ్రువీకరణ అది. అసలే వద్దనుకుంటే సింథటిక్ ఉండనే ఉంది.

## 4. లేబుల్ చదవడం

ఈ గైడ్‌లో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

డౌన్ జాకెట్ మీద 550, 650, 800 అని ఒక అంకె ఉంటుంది. దాని పేరు ఫిల్ పవర్. ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల నూగు ఎన్ని ఘనపు అంగుళాల చోటు ఆక్రమిస్తుందో చెప్పే కొలత. 800 అయితే 28 గ్రాములు దాదాపు 13 లీటర్ల చోటు నింపుతాయి. కొత్తగా ఏకించిన దూది పరుపుకూ, అదే దూది అట్టకట్టిన పాత పరుపుకూ ఉన్న తేడా లాంటిదే ఇది. ఎంత పొంగితే అంత గాలి నిలుస్తుంది, అంత వెచ్చన.

ఫిల్ పవర్ చెప్పేది నూగు నాణ్యతే. ఎంత నూగు పోశారో అది చెప్పదు. దానికి ఇంకో అంకె ఉంది, ఫిల్ వెయిట్. చాలామంది అమ్మకందార్లు దీన్ని దాస్తారు. రెండూ తెలిస్తేనే లెక్క తేలుతుంది:

ఫిల్ పవర్ × నింపిన గ్రాములు = పోలిక అంకె

ఒక జాకెట్‌లో 800 ఫిల్ పవర్ నూగు 100 గ్రాములు ఉంది, అంకె 80,000. ఇంకోదాంట్లో 600 నూగు 150 గ్రాములు, అంకె 90,000. ధర ఎక్కువ మొదటిదానికి, వెచ్చదనం ఎక్కువ రెండోదానికి. మొదటిది తేలిక, చిన్న పొట్లం అవుతుంది, డబ్బు అందుకే పెడుతున్నారు. కుట్టులో, కొలతల్లో తేడాలు ఉంటాయి కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా "మైనస్ 20" అన్న రాత కంటే వెయ్యిరెట్లు నయం.

700 నుంచి 800 ఫిల్ పవర్, మీడియం సైజు అనుకుంటే నేను వాడే కొలమానం ఇది:

- 70–100 గ్రాములు: సున్నా చుట్టుపక్కల చలికి, లేదా షెల్ లోపల వేసుకోవడానికి
- 120–180 గ్రాములు: మైనస్ 5 నుంచి మైనస్ 12 వరకూ క్యాంపులో కూర్చోవడానికి, లోపల ఫ్లీస్ ఉంటే
- 200 గ్రాములకు పైన: మైనస్ 15, అంతకంటే కింద

చలికి త్వరగా వణికేవాళ్ళు, సన్నగా ఉన్నవాళ్ళు ఒక మెట్టు పైది తీసుకోండి. పుట్టి పెరిగింది విజయవాడ ఎండల్లో అయితే మొహమాటం లేకుండా తీసుకోండి.

లేబుల్‌లో మూడోది నిష్పత్తి. "90/10" అంటే 90 శాతం నూగు, 10 శాతం ఈకలు. 80/20 వరకూ ఫరవాలేదు. 50/50, లేదా "ఫెదర్" శాతమే ఎక్కువ ఉంటే వదిలేయండి. ఈకల కాడలు గుచ్చుకుంటాయి, అంతగా పొంగవు కూడా.

సింథటిక్‌కు ఫిల్ పవర్ ఉండదు. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్పే జీఎస్ఎం ఉంటుంది. 40–60 కదిలేటప్పుడు, 80–100 మామూలు చలి క్యాంపుకు, 130కి పైన గట్టి చలికి. ఒంటికి 80, చేతులకు 60 అని విడిగా రాసే కంపెనీలు ఉన్నాయి, అది మంచి సూచన.

ఇక ఆ "మైనస్ 20". స్లీపింగ్ బ్యాగులకు ఐఎస్ఓ 23537 అని ఒక పరీక్ష ఉంది, మనిషి ఆకారంలో ఉండే వేడి బొమ్మను లోపల పడుకోబెట్టి కొలుస్తారు. ట్రెక్కింగ్ జాకెట్ల మీద కనిపించే డిగ్రీలు ఎక్కువగా ఆయా కంపెనీలు తమకు తాము వేసుకున్న లెక్కలు. లోపల ఎన్ని పొరలు వేసుకున్నారని, నడుస్తున్నారా నిలబడ్డారా అని వాళ్ళు ఏం అనుకున్నారో చిన్న అక్షరాల్లో వెతకండి. అది లేకపోతే ఆ అంకెను పట్టించుకోకండి.

"లోపలి నింపు: పాలియెస్టర్ 100%" అని రాసి ఉండి పేరులో "డౌన్" అని ఉంటే అది డౌన్ కాదు. జీఎస్ఎం కూడా లేకపోతే ట్యాబ్ మూసేయండి.

## 5. కుట్టు, పై గుడ్డ, జిప్, హుడ్

జాకెట్ మీద అడ్డంగా కనిపించే గీతలు నూగు కిందికి జారకుండా వేసిన కుట్లు. తేలిక జాకెట్లలో పై గుడ్డనూ లోపలి గుడ్డనూ నేరుగా కలిపి కుట్టేస్తారు. ఆ గీత వెంట నూగు ఉండదు కాబట్టి అక్కడ చలి దూరుతుంది. బరువు జాకెట్లలో రెండు గుడ్డల మధ్య చిన్న గోడల్లా గుడ్డ పెట్టి గదులు కడతారు. మైనస్ 15 దాకా వెళ్ళేవాళ్ళకు ఈ రెండో రకం కావాలి, మిగతావాళ్ళకు మొదటిది చాలు.

పై గుడ్డ నేసిన పోగు ఎంత లావో డినియర్‌తో చెబుతారు. 10 డినియర్ గుడ్డ ముట్టుకుంటే భలే ఉంటుంది, ముళ్ళ కొమ్మ తగిలితే చిరుగుతుంది. మొదటి జాకెట్‌కు 20 నుంచి 30 చూసుకోండి.

నీళ్ళు జారిపోయే పూత, అంటే డీడబ్ల్యూఆర్, దాదాపు అన్నిటికీ ఉంటుంది. మంచు తుంపరకు, పది నిమిషాల చినుకులకు సరిపోతుంది. వాడగా వాడగా పోతుంది.

మిగిలినవి చెక్‌లిస్ట్‌గా:

- హుడ్ ఉండాలి. క్లైంబింగ్ చేసేవాళ్ళకు హెల్మెట్ మీదికి పట్టేంత ఉండాలి
- జిప్ వెనక గాలి ఆపే పట్టీ ఉండాలి, గడ్డం దగ్గర జిప్ కొస గీసుకోకుండా గుడ్డ మూత ఉండాలి
- హార్నెస్ (క్లైంబింగ్ తాడుకు కట్టుకునే నడుము పట్టీ) వేసేవాళ్ళకు కింది నుంచి కూడా తెరుచుకునే రెండువైపుల జిప్ కావాలి
- జేబులు బ్యాగు నడుము పట్టీకి పైన ఉండాలి, జిప్ ఉండాలి
- లోపల ఒక జేబు, ఫోన్‌కు, కెమెరా బ్యాటరీకి. చలికి బ్యాటరీ దిగిపోతుంది, ఒంటి వేడికి నిలుస్తుంది
- నడుము దగ్గర బిగించే తాడు
- జిప్ తాడు గ్లోవ్స్‌తో పట్టుకోగలిగేంత పొడవు

## 6. షాపులో వేసుకుని చూసే క్రమం

హైదరాబాద్ ఉక్కలో డౌన్ జాకెట్ వేసుకుంటే రెండు నిమిషాల్లో విప్పేయాలనిపిస్తుంది. ఆ తొందరలోనే సైజు తప్పుతుంది. ఏసీ బాగా పనిచేసే షాపుకు వెళ్ళండి, ట్రెక్‌లో వేసుకునే ఫ్లీస్ వెంట తీసుకెళ్ళండి.

1. ఫ్లీస్ వేసుకుని దాని మీద జాకెట్ వేసుకోండి. టీషర్ట్ మీద సరిపోయిన సైజు కొండ మీద బిగుతు.
2. జిప్ పూర్తిగా వేసి చేతులు నిటారుగా పైకెత్తండి. నడుము బయటపడితే పొడవు చాలదు.
3. రెండు చేతులూ ముందుకు చాచి మిమ్మల్ని మీరే కౌగిలించుకోండి. భుజాల దగ్గర పట్టేస్తే నూగు నొక్కుకుపోతోందని అర్థం, అక్కడే చలి పుడుతుంది.
4. హుడ్ వేసుకుని తల పక్కకు తిప్పండి. హుడ్ తలతో పాటు తిరగాలి. మీరు హుడ్ లోపలి గుడ్డ వైపు చూస్తూ ఉండకూడదు.
5. విప్పి, లైటుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఒక గదిలో నూగు ఉండి పక్కది ఖాళీగా కనిపిస్తే ఇంకో పీస్ అడగండి.
6. పిడికిలితో నొక్కి వదలండి. మంచి డౌన్ వెంటనే పొంగుతుంది.
7. అరచేతితో రాయండి. ముళ్ళలా తగిలితే ఈక కాడలు ఎక్కువ.

ఆడవాళ్ళ సైజుల్లో నడుము బాగా నొక్కి కుట్టిన మోడళ్ళు ఎక్కువ, ఫ్లీస్ మీద పట్టవు. మగవాళ్ళ విభాగంలో చిన్న సైజు కూడా వేసుకుని చూడండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఆన్‌లైన్‌లో కొంటే ట్రెక్‌కు కనీసం మూడు వారాల ముందు తెప్పించుకోండి. వాపసుకు టైమ్ ఉండాలి.

## 7. ఎక్కడికి ఏది?

కేదార్‌కంఠ, డిసెంబర్ నుంచి మార్చి. 120–150 గ్రాముల డౌన్, లేదా 100 జీఎస్ఎం సింథటిక్ కింద మందపాటి ఫ్లీస్. పైన షెల్. శిఖరం రోజు తెల్లవారకముందే బయల్దేరతారు, ఆ మొదటి అరగంటకు మాత్రమే జాకెట్ ఒంటి మీద ఉంటుంది, తర్వాత బ్యాగులోకి వెళ్తుంది. శిఖరం మీద మళ్ళీ బయటికి వస్తుంది.

ఎవరెస్ట్ బేస్ క్యాంప్, అక్టోబర్, నవంబర్. బేస్ క్యాంప్ ఎత్తు 5,364 మీటర్లు. దారిలో బస చేసే టీ హౌస్‌ల భోజనాల గదిలో పొయ్యి ఉంటుంది, పడక గదుల్లో ఉండదు. దారిలో చివరి మకాం గోరక్‌షెప్‌లో రాత్రికి, ఎవరెస్ట్‌ను చూడటానికి ఎక్కే కాలాపత్థర్ మీద తెల్లవారుజాముకు 150–200 గ్రాముల డౌన్ కావాలి. హుడ్ లేనిది వద్దు.

చాదర్, జనవరి, ఫిబ్రవరి. రాత్రులు మైనస్ 20, ఇంకా కిందికి. పగలు గడ్డకట్టిన జంస్కార్ నది మీద నడక. బరువు జాకెట్ తప్పదు. కొనకుండా లేహ్‌లో అద్దెకు తీసుకోవడం తెలివైన పని, మళ్ళీ ఎప్పుడు వాడతారు?

ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్, జులై, ఆగస్టు. 60–80 జీఎస్ఎం సింథటిక్, మంచి రెయిన్ జాకెట్. డౌన్ ఇంట్లో పెట్టి రండి.

బైక్ మీద లద్దాఖ్. ఇక్కడ శత్రువు గాలి. రైడింగ్ జాకెట్ లోపల పలచటి సింథటిక్, పైన గాలి ఆపే పొర. డౌన్ మీద రైడింగ్ జాకెట్ బిగిస్తే నూగు నొక్కుకుపోయి పనిచేయదు. ఖర్దుంగ్ లా లాంటి పాస్‌ల మీద ఆగినప్పుడు, రాత్రి టెంట్‌లో వేసుకోవడానికి డౌన్ విడిగా సామాన్లలో పెట్టుకోవచ్చు.

గుల్మార్గ్, ఔలిలో స్కీ. కేబుల్ కార్‌లో, లిఫ్ట్ మీద చలి, దిగేటప్పుడు చెమట, పడినప్పుడు తడి. సింథటిక్, పైన నీళ్ళు ఆపే షెల్.

బేసిక్ మౌంటెనీరింగ్ కోర్స్. ఉత్తరకాశీ, మనాలీ, డార్జిలింగ్ సంస్థల్లో చేరేవాళ్ళు ఏమీ కొనకముందే సంస్థ ఇచ్చే సామాన్ల జాబితా చూడండి. చాలావరకు వాళ్ళే ఇస్తారు. ఫెదర్ జాకెట్ కూడా అందులో ఉంటే మీరు కొనాల్సింది పలచటిదే.

## 8. అద్దెకు తీసుకునేటప్పుడు

సాంక్రి, మనాలీ, లేహ్, కాఠ్‌మాండూలోని థమేల్, అన్నిచోట్లా అద్దెకు దొరుకుతాయి. థమేల్‌లో పెద్ద బ్రాండ్ల పేర్లు కుట్టిన నకిలీలు అడుగడుగునా ఉంటాయి. నకిలీ కాబట్టి వెచ్చగా ఉండదని కాదు, కొన్ని బాగానే పనిచేస్తాయి. పేరు చూసి ధర ఇవ్వకండి, 6వ భాగంలోని 5, 6, 7 పరీక్షలు చేసి ఇవ్వండి.

డబ్బు ఇచ్చే ముందు జిప్‌ను మూడుసార్లు పైకీ కిందికీ లాగండి. మెడ దగ్గర, చంకల దగ్గర వాసన చూడండి. అన్ని జేబులూ, చిరుగులూ ఫోటో తీసుకోండి, తిరిగి ఇచ్చేటప్పుడు పేచీ రాకుండా.

మూడేళ్ళలో రెండు కంటే ఎక్కువ ట్రెక్‌లకు వెళ్ళేలా ఉంటే కొనడమే లాభం.

## 9. కొండ మీద వాడే క్రమం

1. బయల్దేరేటప్పుడు కాస్త చలిగా అనిపించాలి. వెచ్చగా ఉండి బయల్దేరితే పావుగంటలో చెమట.
2. జాకెట్ బ్యాగులో అన్నిటికన్నా పైన, ప్లాస్టిక్ కవర్‌లో ఉండాలి. అడుగున ఉంటే బద్ధకించి తీయరు.
3. ఆగిన వెంటనే వేసుకోండి. వణుకు మొదలయ్యాక వేసుకుంటే లోపల నిలపడానికి వేడే మిగలదు.
4. క్యాంపు చేరగానే చెమట పట్టిన లోపలి చొక్కా మార్చేయండి, ఆ తర్వాత జాకెట్. ఈ ఒక్క పనితో సగం చలి పోతుంది.
5. మంచు పడుతుంటే జాకెట్ మీద షెల్ వేయండి. షెల్ బిగుతుగా ఉండి నూగును నొక్కకూడదు.
6. మర్నాడు ఎండ రాగానే జాకెట్ తిరగేసి టెంట్ మీద పరవండి. రాత్రి పట్టిన చెమ్మ ఆరిపోతుంది.

రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో జాకెట్ వేసుకుని పడుకోవచ్చు, లోపల జాగా ఉంటేనే. బిగుతుగా ఉంటే విప్పి మీద కప్పుకోండి.

అన్నీ వేసుకున్నా వణుకు ఆగకపోయినా, పక్కవాడి మాట తడబడినా, గుండీ పెట్టుకోలేకపోతున్నా అది జాకెట్‌తో తీరేది కాదు. ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోయే హైపోథెర్మియా లక్షణాలవి. గైడ్‌కు వెంటనే చెప్పండి. తడి బట్టలు మార్చి, గాలి లేని చోటికి తీసుకెళ్ళండి.

## 10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

జాకెట్ మందంగా ఉంది కదా అని కాళ్ళనూ తలనూ వదిలేయడం. కాలికి పలచటి థర్మల్, తలకు ఉన్ని టోపీ లేకుండా పై జాకెట్ ఎంతదైనా దండగ.

లోపల కాటన్ బనియన్. చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది. పాలియెస్టర్ లేదా మెరినో ఉన్ని బేస్ లేయర్ కొనండి. జాకెట్ ధరలో ఐదో వంతు కూడా కాదు.

చలిమంట పక్కన కూర్చోవడం. ఒక్క నిప్పురవ్వ చాలు, నైలాన్ కరిగి రంధ్రం పడుతుంది, నూగు ఎగిరిపోతుంది. మంట దగ్గర పైన పాత కాటన్ చొక్కా ఏదైనా వేసుకోండి. రంధ్రం పడితే దాని మీద గుండ్రంగా కత్తిరించిన రిపేర్ టేప్ అంటించండి. మూలలు ఉంటే టేప్ త్వరగా ఊడుతుంది.

బయటికొచ్చిన ఈకను లాగేయడం. ఒకటి లాగితే వెనకే ఇంకోటి వస్తుంది. లోపలివైపు నుంచి పట్టుకుని వెనక్కి లాగి, ఆ చోట వేలితో రుద్దండి.

పెద్ద జాకెట్ కొని ఫ్లీస్ మానేయడం. పొరలుంటే ఒకటి విప్పొచ్చు, ఒకటి వేసుకోవచ్చు. ఒక్కటే ఉంటే ఉడకడమో వణకడమో.

## 11. ఉతకడం, దాచడం

తిరిగొచ్చిన ప్రతిసారీ ఉతకక్కర్లేదు. మెడ, చేతి అంచులు తడిగుడ్డతో తుడిచి గాలికి ఆరేయండి. ఏడాదికి ఒకసారి, లేదా పొంగు తగ్గిందనిపించినప్పుడు ఉతికితే చాలు.

డౌన్‌కు మామూలు సర్ఫ్ వాడకండి, నూగుకు సహజంగా ఉండే నూనె పోతుంది. డౌన్ వాష్ అని విడిగా దొరుకుతుంది. ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు, డ్రై క్లీనింగ్ వద్దు.

- జిప్‌లన్నీ మూయండి, జేబులు ఖాళీ చేయండి
- ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో చల్లటి నీళ్ళు, సున్నితమైన సైకిల్. నడుమ గుంజ ఉన్న టాప్ లోడ్‌లో వద్దు, చిరుగుతుంది
- నురగ పూర్తిగా పోయేదాకా రెండుసార్లు జాడించండి
- తడి జాకెట్‌ను ఒక చేత్తో ఎత్తకండి, పిండకండి. నీటి బరువుకు లోపలి కుట్లు తెగుతాయి. రెండు చేతులతో బేసిన్‌లా పట్టుకుని తీయండి
- డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడిలో, రెండు మూడు శుభ్రమైన టెన్నిస్ బంతులతో. ఉండలు విడిపోవడానికి రెండు, మూడు గంటలు పట్టొచ్చు

మన ఇళ్ళలో డ్రయ్యర్లు తక్కువ. అలాంటప్పుడు ఫ్యాన్ కింద, నీడలో వెడల్పుగా పరిచి గంటకోసారి వేళ్ళతో ఉండలు విడదీస్తూ ఉండాలి. రెండు, మూడు రోజులు పడుతుంది. పైకి ఆరినట్టు కనిపించినా లోపల చెమ్మ ఉండిపోతే కుళ్ళు వాసన వస్తుంది, అది వదలదు. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. ఓపిక లేకపోతే పెద్ద డ్రయ్యర్ ఉన్న లాండ్రీకి తీసుకెళ్ళి తక్కువ వేడి అని గట్టిగా చెప్పండి, ఇస్త్రీ పెట్టొద్దని కూడా.

దాచేటప్పుడు పొట్లం కట్టి దాచకండి. ప్రయాణంలో పది రోజులు నొక్కి ఉంచితే ఏమీ కాదు, పది నెలలు ఉంచితే నూగైనా పోగులైనా పొంగడం మర్చిపోతాయి. హ్యాంగర్‌కు వేలాడదీయండి, లేదా వదులు కాటన్ సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్ వద్దు.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉండేవాళ్ళకు బూజు బెడద. సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రెండు నెలలకోసారి తీసి అరపూట ఫ్యాన్ గాలికి పెట్టండి. నాఫ్తలీన్ ఉండలు వేయకండి, టెంట్‌లో పక్కన పడుకునేవాళ్ళు మిమ్మల్ని బయటికి పంపిస్తారు.